నోటిలోని విసుర్రాయి: గుర్రములకు, గాడిదలకు దంతవైద్యము

కామారెడ్డి జిల్లా బీబీపేటలో ఒకనాటి ఉదయమున చెరువుగట్టు మీదుగా పోవుచుండగా ఒక గాడిదను చూచితిని. దాని ముందు ఎండిన జొన్న చొప్ప పడియున్నది. గాడిద రెండు పరకలు నోటబెట్టుకొని, తల ఒక ప్రక్కకు వంచి, మెల్లమెల్లగా నమలుచున్నది. కొంతసేపటికి నమలినదంతయు తడి ఉండవలె నేలపై జారిపడుచున్నది. అటువంటి ఉండలు దాని కాళ్ళకడ పదిపన్నెండు ఉన్నవి. ప్రక్కటెముకలు దూరమునుండియే లెక్కింపవచ్చును. బట్టల మూటలు మోసి బ్రతికిన ఆ జంతువు వీపున ఇప్పుడు మూట లేదు.

"ఏం తాతా, గాడిద ఇట్లా బక్కచిక్కింది?" అని దాని యజమానిని అడిగితిని.

"ముసల్దయింది సారూ. మేత ఏస్తే నమిలి ఉమ్మేస్తున్నది. నట్టల మందు తాపిచ్చిన. దిష్టి తీసిన. ఇగ వచ్చిన కాడికి అమ్మేద్దామనుకుంటున్న" అని ఆయన అన్నాడు.

విచారింపగా ఆ గాడిద వయస్సు పదునాలుగేండ్లకు మించి ఉండదని తేలినది. మంచి పోషణ ఉన్న గాడిద ఇరువదియైదు, ముప్పది సంవత్సరములు కూడ జీవింపగలదు. కాబట్టి ఇది ముసలితనము కాదు. తిండి లేమియు కాదు, తిండి ఎదుటనే ఉన్నది. లోపము ఎచ్చటనో నోటిలో ఉన్నది. ఆ లోపమెట్టిదో తెలియవలెనన్న ముందుగా గుర్రము, గాడిద నోటి నిర్మాణమును తెలిసికొనవలెను.

కక్కు తానే కొట్టుకొను రాయి

ఆవు, గేదె గడ్డిని ఆతురముగా మ్రింగి, పిమ్మట తీరికగా నెమరు వేయును. మొదట సరిగా నమలకున్నను వాటికి రెండవ అవకాశము కలదు. గుర్రమునకు, గాడిదకు ఆ భాగ్యము లేదు. ఒకసారి మ్రింగినది మరల నోటికి రాదు. గడ్డిని మెత్తగా చేయవలసినదంతయు మొదటిసారియే చేయవలెను. స్వేచ్ఛగా మేయు గుర్రము రోజునకు 14 మొదలు 16 గంటలు మేతలోనే గడపుట ఇందువలననే. ఇంత పని చేయు యంత్రము సామాన్యమైనది కాజాలదు.

ఇంటింట విసుర్రాయి ఉన్న దినములను పెద్దలు ఎరుగుదురు. కోస్తా జిల్లాలవారు దానినే తిరుగలి యందురు. వాడగా వాడగా రాయి నున్నబడిపోవును. నున్నని రాయి గింజను జార్చునే గాని నలుపదు. అప్పుడు కక్కు కొట్టువారు వచ్చి, ఉలితో రాతిపై గంట్లు పెట్టి పోయెడివారు. గుర్రపు దవడ పన్నును ప్రకృతి తన కక్కును తానే కొట్టుకొను విసుర్రాయిగా తీర్చినది.

అది ఎట్లన, పన్ను మూడు పదార్థములతో ఏర్పడినది. అన్నింటికంటె గట్టిది పింగాణి పొర. దానికంటె మెత్తనిది డెంటీను. మూడవది సిమెంటు. మనుష్యుని పన్నుపై పింగాణి ఒక టోపీవలె కప్పియుండును. గుర్రపు పన్నులో పింగాణి మడతలు మడతలుగా పన్ను లోపలికి దిగియుండును. అందుచే నమలు తలమున పింగాణి గట్లును, వాటి నడుమ డెంటీను, సిమెంటులును ఏర్పడియుండును. గడ్డి రాపిడికి మెత్తనివి ముందు అరుగును. గట్టిదైన పింగాణి కొంచెము పైకి నిలిచియుండును. పన్ను ఎంత అరిగినను దాని గరుకుదనము మాత్రము పోదు.

గుర్రమునకు ముందువైపున గడ్డిని కొరుకుటకు 12 కుంతకములు, వెనుకవైపున నమలుటకు 24 దవడ పళ్ళు (అగ్రచర్వణకములు, చర్వణకములు) ఉండును. మగ జంతువులకు సాధారణముగా 4 రదనికలు కూడ ఉండును. కాబట్టి ఆడగుర్రమునకు 36, మగగుర్రమునకు 40 పళ్ళు అని స్థూలముగా చెప్పవచ్చును. కొన్ని గుర్రములకు దవడ పళ్ళకు ముందు ఒక చిన్న పన్ను మొలచును. దీనిని ఆంగ్లేయులు తోడేలు పన్ను అందురు. నమలుటలో దానికి పని లేదు. కాని కళ్ళెపు ఇనుము దానికి తగిలి బాధ పెట్టవచ్చును. అందుచే సవారి, పందెపు గుర్రములకు దానిని తీసివేయుట కలదు.

దాచియుంచిన పన్ను

గడ్డిలో ఇసుకను పోలిన సిలికా కణములు కలవు. గడ్డితోపాటు నేలమీది దుమ్ము కూడ నోటిలోనికి పోవును. ఈ రాపిడికి పన్ను ఏటేట 2 లేక 3 మిల్లీమీటర్లు అరుగును. మన పళ్ళు ఇట్లు అరిగినచో కొలది ఏండ్లలోనే చిగుళ్ళు మిగులును. గుర్రమునకు అట్లు జరుగదు. దాని దవడ పన్ను మొలచునప్పటికి పొడవు సుమారు 7 సెంటీమీటర్లో, అంతకు మించియో ఉండును. అందులో పైకి కనబడునది కొంచెమే. తక్కినది దవడ ఎముకలో దాగియుండి, పైన అరిగినంత మేరకు క్రిందినుండి వెలికి వచ్చుచుండును. 70 మిల్లీమీటర్లను ఏటికి రెండున్నర చొప్పున భాగించి చూచినచో 28 వచ్చును. గుర్రపు ఆయువు కూడ దాదాపు అంతయే. ఎలుక కుంతకమువలె ఇది జీవితాంతము క్రొత్తగా పెరుగునది కాదు. పుట్టుకతో వచ్చిన నిలువ ధనము వంటిది. అది తీరిన పిమ్మట మిగులునది నున్నని మొద్దు మాత్రమే.

ఇది ఒక్కనాట వచ్చిన ఏర్పాటు కాదు. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట గుర్రపు పూర్వజంతువులు అడవులలో లేత ఆకులు తినెడివి. వాటి పళ్ళు పొట్టివి. పిమ్మట గడ్డి మైదానములు విస్తరింపగా, పొడవైన పళ్ళు గల జాతులు నిలిచి వర్ధిల్లినవి. నేటి గుర్రము, గాడిద ఆ వంశమునకు చెందినవే.

లోపమెచ్చట పుట్టును?

ఇంత చక్కని యంత్రములో ఒక చిక్కు కలదు. పై దవడ పళ్ళ వరుసల నడుమ దూరము, క్రింది వరుసల నడుమ దూరముకంటె సుమారు నాలుగవ వంతు ఎక్కువ. గాడిదలో ఈ తేడా గుర్రములోకంటెను కొంచెము హెచ్చు. నోరు మూసినప్పుడు పళ్ళు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చుండవు. క్రింది దవడను ప్రక్కకు విశాలముగా త్రిప్పుచు నమలినప్పుడే పన్ను తలమంతయు సమముగా అరుగును. పీచు గల మేత మేయునప్పుడు దవడ అట్లే తిరుగును. దాణా తినునప్పుడు దవడ కదలిక కురుచయగును. అప్పుడు పై పళ్ళ బయటి అంచు, క్రింది పళ్ళ లోపలి అంచు అరుగక కత్తివలె వాడిగా మిగులును. పై అంచు బుగ్గను కోయును, క్రింది అంచు నాలుకను కోయును. మేత బాగుగా ఉన్న జంతువులకును ఇట్టి అంచులు కొంతవరకు వచ్చును.

ఒక పన్ను ఊడినచో దాని ఎదుటి పన్నుకు రాపిడి లేదు. అది ఖాళీలోనికి పొడుచుకొనివచ్చి దవడ తిరుగుటకే అడ్డుపడును. పన్నుకు పన్నుకు నడుమ సందు ఏర్పడినచో మేత అందులో చిక్కి, కుళ్ళి, చిగురును తినివేయును. ఈ సందుల బాధ మిక్కిలి తీవ్రమైనది. బ్రిటనులో మరణించిన 349 ముసలి గాడిదలను పరీక్షించి 2008లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 93 గాడిదలకు ఏదో ఒక దంతదోషము ఉన్నట్లు తేలినది. నూటికి 85 గాడిదలలో పళ్ళ నడుమ సందులు ఉన్నవి.

గాడిద తన బాధను బయటపెట్టదు. గుర్రము గింజుకొను చోట గాడిద ఊరక నిలుచుండును. దానిని మనము మొండితనమనియో, మందబుద్ధి యనియో అందుము. అది మేత మానినదని మనము గ్రహించునప్పటికే ప్రమాదము ముదిరియుండవచ్చును. గాడిద తినుట మానినచో దాని శరీరములోని కొవ్వు అధికముగా రక్తములోనికి దిగి, కాలేయమును చెరచి, కొలది దినములలోనే ప్రాణము తీయవచ్చును. సరిగా నలుగని పీచు ప్రేగులలో అడ్డుపడి శూలనొప్పి కూడ కలుగును. పంటిలోని దోషము ఈ విధముగా ప్రాణాపాయమగుచున్నది.

గుర్తులు

నమలిన మేతను ఉండలుగా రాల్చుట, తల వంచి ఒకే ప్రక్కను నమలుట, పేడలో పొడవైన పీచులు, నలుగని గింజలు కనబడుట, నోటి దుర్వాసన, కళ్ళెమునకు ఎదురు తిరుగుట ముఖ్యమైన గుర్తులు. వెనుకటి పై పళ్ళ వేళ్ళు ముఖములోని గాలి గదులకు ఆనుకొనియుండుటచే, ఆ వేరు చీము పట్టినప్పుడు ఒక ముక్కు రంధ్రమునుండి మాత్రమే దుర్వాసన గల చీమిడి కారును. యజమాని బుగ్గల వెలుపలినుండి పై పళ్ళ వరుసపై వ్రేళ్ళతో మెల్లగా ఒత్తి చూడవచ్చును. జంతువు ఉలికిపడినచో అనుమానింపవలెను. చేయి మాత్రము నోటిలో పెట్టరాదు. ముందు పళ్ళు చక్కగా ఉన్నవని తృప్తిపడరాదు. దోషములు ఎక్కువగా వెనుక చీకటిలోనే ఉండును.

దంతవైద్యుడు చేయు పని

మొదట పశువైద్యుడు జైలజిను, డెటోమిడిను వంటి మందు సూది ద్వారా ఇచ్చి జంతువును మత్తులో ఉంచును. జంతువు పడుకొనదు, తల వాల్చి నిలుచుండును. పిమ్మట మెట్లు మెట్లుగా తెరచుకొను ఇనుప చట్రమును నోటికి తగిలించి, నోటిని కడిగి, నుదుటి దీపము, చిన్న అద్దము సాయమున ప్రతి పన్నును చూచి, వ్రేలితో తడవి, లోపములను పటముపై గుర్తించును. ఆ తరువాత పొడవాటి పిడి గల ఆకురాయితో వాడి అంచులను రాచివేయును. ఇప్పుడు విద్యుచ్ఛక్తితో తిరుగు ఆకురాళ్ళు కూడ వచ్చినవి. వాటి వేడి పంటిలోని జీవభాగమును చంపగలదు గనుక నీటితో చల్లబరచుచు, కొలది క్షణములకొకసారి ఆపుచు వాడవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వాడి అంచు తీయుటయే పని గాని, పన్నును నున్న చేయుట పని కాదు. నున్న చేసినచో కక్కు లేని విసుర్రాయి యగును. అధికముగా రాచినది తిరిగి రావలెనన్న ఏటికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వేచియుండవలెను. ఎదుటి పన్ను బాగుగా పొడుచుకొని వచ్చియున్నచో, దానిని ఒకేసారి గాక నెలల ఎడమిచ్చి కొంచెము కొంచెముగా తగ్గింతురు.

పన్ను తీయవలసివచ్చినచో నరమునకు తిమ్మిరి మందు ఇచ్చి, గంటలకొలది ఓపికతో వదులు చేసి తీయుదురు. సుత్తి, ఉలులతో పన్ను పగులగొట్టుట దవడను విరుగగొట్టుటయే. పళ్ళు వచ్చు వయస్సులో పిల్లగుర్రముల అంగిలి వాచినచో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టు దురాచారము పూర్వము పెక్కు దేశములలో ఉండెడిది. దానివలన మేలేమియు లేదు, జంతువు మేత మానుట తప్ప. గుర్రజాతి జంతువులకు ధనుర్వాతము సులభముగా సోకును గనుక, దాని టీకా వేయించియుండుట అవసరము. ఏటికొకసారియు, పళ్ళు మారు పిల్లవయస్సున, వార్ధక్యమున ఆరు నెలలకొకసారియు నోరు చూపింపవలెను.

మన నేలలో

గుర్రపు శాస్త్రము మనకు క్రొత్త కాదు. సంస్కృతములో శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము వెలసినది. తెలుగున మనుమంచిభట్టు 'హయలక్షణ విలాసము' రచించెను. కుంతకముల అరుగుదలను చూచి గుర్రపు వయస్సు చెప్పు విద్య వ్యాపారులకు తెలిసినదే. ముసలి గుర్రపు పళ్ళలో దొంగ గుంటలు తొలిచి పడుచు గుర్రమని అమ్మిన మోసగాండ్రు కూడ ఇంగ్లండులో ఉండిరి. ఐరోపా, అమెరికాలలో మోటారు బండ్లు రాగా గుర్రములతోపాటు గుర్రపు దంతవైద్యమును వెనుకబడి, 1990 తరువాత ప్రత్యేక శాస్త్రముగా తిరిగి తల ఎత్తినది.

మన దేశమున పశుగణన ప్రకారము 2012లో 3 లక్షల 20 వేలుగా ఉన్న గాడిదలు 2019 నాటికి 1 లక్ష 20 వేలకు తగ్గినవి. మలకుపేట మైదానమున పరుగెత్తు గుర్రము పంటిని చూచుటకు వైద్యుడు దొరకును. చాకిరేవు గాడిద, పెండ్లి ఊరేగింపు గుర్రము పంటిని చూచువారు అరుదు. ఈ శాస్త్రము మొదటి దానికెంతయో, రెండవ దానికిని అంతయే వర్తించును. తెలంగాణలో 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్యశాలలు ప్రారంభమైనవి. అడుగువారు ఉన్నచో నోటి పరీక్ష కూడ ఊరికి రాగలదు.

బీబీపేట గాడిద సంగతి చెప్పి ముగింతును. పశువైద్యుని పిలిపించితిమి. నోరు తెరచు చట్రము నగరమునుండి వచ్చుటకు రెండు వారములు పట్టినది. అంతవరకు చొప్ప మాన్పించి, సన్నగా తరిగిన పచ్చగడ్డి, తడిపిన తవుడు పెట్టించినాము. నోరు తెరచి చూడగా ఎడమవైపు పై పళ్ళ అంచులు వాడిదేలి బుగ్గపై రెండు పుండ్లు చేసియున్నవి. ఆకురాయి పని అరగంట. నెల దాటిన పిమ్మట నేను పోయినప్పుడు దాని కాళ్ళకడ ఉండలు లేవు.

"అమ్మలేదు సారూ" అన్నాడు తాత, నేను అడుగకముందే. "ఇన్నొద్దులు ముసల్దని తిట్టుకున్న. నోరు తెరిచి చూడకపాయె."