తరుముకొచ్చే అమ్మాయి చెప్పిన కథ

సీరియలు చదివే అలవాటున్న వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొదటి భాగం ఎంత జోరుగా సాగినా, రెండవ భాగం దగ్గరకు వచ్చేసరికి రచయితకు ముచ్చెమటలు పోస్తాయి. కొత్త లోకాన్ని చూపించి ఆశ్చర్యపరచడం అయిపోయింది. ముగింపు ఇంకా ఎక్కడో వుంది. నడిదారిలో పాఠకుడు బండి దిగిపోకుండా చూసుకోవాలి! ఈ చిక్కును సబా తాహిర్ దాటిన తీరు చెప్పుకోదగ్గది.

పాకిస్తానీ కుటుంబంలో, లండనులో పుట్టిన ఈమె, అమెరికాలోని మొహావీ ఎడారిలో తల్లిదండ్రులు నడిపే మోటలులో పెరిగారు. వాషింగ్టన్ పోస్టు పత్రికలో పనిచేసే రోజుల్లో కాశ్మీరు స్త్రీలను గురించిన కథనం ఒకటి ఆమె కంటబడింది. సైనికులు పట్టుకుపోయిన కొడుకులు, అన్నదమ్ములు మళ్ళీ గడప తొక్కని ఇళ్ళ గోడు అది. ఆ బాధలోంచి పుట్టిన నవలే 2015లో వచ్చిన ‘యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్’. మరుసటి ఏడే రెండవ భాగం, ‘ఎ టార్చ్ ఎగైనెస్ట్ ది నైట్’ వెలువడింది.

కథ జరిగేది రోము సామ్రాజ్యాన్ని తలపించే ఊహాలోకంలో. జిన్నులున్నాయి, పిశాచాలున్నాయి, కాని వాటికన్న మనుషులే ఎక్కువ భయపెడతారు. ఒక రాత్రి సైనికులు ఇంట్లో జొరబడి లాయా అనే పిల్ల అవ్వనూ తాతనూ చంపి, అన్న డారిన్‌ను పట్టుకుపోతారు. అతణ్ణి విడిపించడం కోసం ఆమె సైనిక పాఠశాలలో బానిసగా చేరి గూఢచారి పని చేస్తుంది. అక్కడే శిక్షణ పొందుతూ, ఆ క్రూరత్వం సహించలేక పారిపోవాలని చూసేవాడు ఎలాయస్. మొదటి భాగంలో ఒక అధ్యాయం ఆమె చెబితే ఇంకొకటి అతను చెబుతాడు. ‘నేను’ అనేవారు ఇద్దరే.

రెండవ భాగంలో మూడో ‘నేను’ వచ్చి చేరింది. ఆమె హెలీన్, ఎలాయస్‌కు చిన్ననాటి నుంచీ నేస్తం. తన తరగతి మొత్తానికీ ఆమె ఒక్కతే ఆడపిల్ల. అతనంటే ప్రాణం కూడాను. ఇప్పుడు చక్రవర్తి కొలువులో పెద్ద పదవిలో వుంది. అన్న వున్న కౌఫ్ చెరసాలకు లాయా, ఎలాయస్ ఉత్తరదిక్కుగా పరుగెడుతూ వుంటే, వాళ్ళను వేటాడి, ఎలాయస్‌ను పట్టి తెచ్చి నలుగురి ఎదుటా చంపమని హెలీన్‌కు ఆజ్ఞ. కాదంటే తల్లిదండ్రులూ చెల్లెళ్ళూ చక్రవర్తి గుప్పిట్లో వున్నారు.

మామూలుగా అయితే తరుముకొచ్చేవాళ్ళను మనం బయటినుంచే చూస్తాం. గుర్రపు డెక్కల చప్పుడు వినబడగానే తిట్టుకుంటాం. ఇక్కడ ఆ వీలు లేదు. ఒక అధ్యాయంలో పారిపోయేవాళ్ళు చిక్కకూడదని ఆత్రపడతాం. పేజీ తిప్పితే, చిక్కకపోతే హెలీన్ ఇంటి గతి ఏమిటని గుండె దడదడలాడుతుంది. రెండూ ఒకేసారి కోరుకోవడం ఎలాగ? చదివేవాళ్ళను ఇరుకున పెట్టిన ఈ ఉపాయమే పుస్తకానికి ప్రాణం.

లోపం లేదనను. అధ్యాయం మీది పేరును వేలితో మూసి చదివితే, లాయా గొంతేదో ఎలాయస్ గొంతేదో ఒక్కోచోట పోల్చుకోలేం. ఎలాయస్ ఒంట్లో విషం పాకుతూ వున్నా, నడుమ ప్రయాణం కొంత సాగదీసినట్లే వుంటుంది. హెలీన్ మాట మాత్రం వేరు. ముక్తసరిగా, పళ్ళు బిగబట్టి మాట్లాడే మనిషి. ఏడుపు ఎక్కడ మింగిందో మనకు తెలిసిపోతుంది.

ఇంట్లో పెద్ద పిల్లలుంటే ఇవ్వవచ్చు గాని, పన్నెండేళ్ళ లోపు వారికి వద్దు. చెరసాల ఘట్టాల్లో హింస ఎక్కువ. మొదటి భాగం చదవకుండా దీన్ని పట్టుకుంటే తలా తోకా తెలియదు. 2018లో మూడవది, 2020లో నాలుగవది వచ్చి కథ పూర్తయింది గనుక, మన సీరియళ్ళకు మల్లే పై వారం దాకా కాచుకునే బాధ లేదు.

హెలీన్ ఇంటివాళ్ళు ఏమయ్యారని అడుగుతారేమో. అది మటుకు నేను చెప్పను. ఆ అధ్యాయం హెలీన్ నోటనే వినాలి.