మండుటెండలో మురిసే ఆర్కిడ్లు: మీకు తెలుసా?

ఆర్కిడ్ అనగానే ఊటీ చలి, ఏసీ గది గుర్తొస్తున్నాయా? సింగపూర్ జాతీయ పుష్పం సంగతి వింటే ఆశ్చర్యపోతారు! 1893లో ఆగ్నెస్ జోకిమ్ పేరుతో లోకానికి పరిచయమైన ‘వాండా మిస్ జోకిమ్’ నీడలో పెడితే పూయనని మొండికేస్తుంది. నెత్తిన ఎండ పడితేనే గుత్తులు వేస్తుంది.

వాండాకు మట్టే అక్కర్లేదు! థాయ్‌లాండ్ నర్సరీల్లో చెక్కబుట్టల నుంచి దాని వేళ్లు బారలకొద్దీ గాల్లో వేలాడుతుంటాయి. మరి నీళ్లు పోయాలో వద్దో ఎవర్నడగాలి? వేరునే! వెండిరంగులో ఉంటే దాహంగా ఉందని, ఆకుపచ్చగా మారితే కడుపు నిండిందని అర్థం. ప్రేమకొద్దీ తోటమట్టిలో పాతిపెట్టారో, గాలాడక వేళ్లు కుళ్లిపోతాయి. నన్నడిగితే వీటికి ఎండకన్నా మన అతిప్రేమే ప్రమాదం! బొగ్గులు, పెంకుముక్కలు, కొబ్బరి పీచు చాలు.

పావురం ఆర్కిడ్‌కు క్యాలెండర్ ఉంది! మలేసియా, సింగపూర్‌లలో ఎండ మీద ఒక్కసారిగా జోరువాన పడి గాలి చల్లబడితే, సుమారు తొమ్మిది రోజులకు ఊళ్లో ఉన్న మొక్కలన్నీ ఒకేరోజు తెల్లగా పూస్తాయి. ఆ పూల ఆయుష్షు ఒక్కరోజే!

ఆర్కిడ్లలో భీముడెవరు? టైగర్ ఆర్కిడ్! బాగా ఎదిగితే టన్ను దాటుతుంది, పూలకాడే ఆరడుగులకు పైన ఉంటుంది. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో 1861లో నాటిన మొక్క ఇప్పటికీ పూస్తోందంటే నమ్ముతారా?

ఇక గింజల లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి. కొన్ని జాతుల్లో ఒక్క కాయలోనే 30 లక్షలకు పైగా! ముక్కుపొడికన్నా నలుసుగా ఉండే ఆ గింజలో పిడికెడు కాదు కదా, చిటికెడు తిండి కూడా దాచి ఉండదు. అడవిలో ఏదో ఒక బూజు జాతి అన్నం పెడితే తప్ప మొలకెత్తదు. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించి ఆ బూజుతో పని లేదనిపించాడు.

ఫెలనాప్సిస్ ఆర్కిడ్ రాత్రిపూట ఊపిరి పీల్చుకుంటుంది! పగటి వేడికి నీరు ఆవిరైపోకుండా ఆకుల రంధ్రాలు మూసుకుని, చీకటి పడ్డాక తెరుస్తుంది. కానీ ఇదో వింత: వేడి ఇష్టమే అయినా పగలూ రాత్రీ 28 డిగ్రీలు దాటి ఉంటే పూలకాడ వేయదు. ఆకులు మాత్రం ఏపుగా పెంచుకుంటూ కూర్చుంటుంది.

మీరు తిన్న వెనీలా ఐస్‌క్రీమ్ కూడా ఆర్కిడ్ చలవే! ఒక్కరోజే విచ్చే ఆ పువ్వుకు చిన్న పుల్లతో చకచకా పరాగసంపర్కం చేసే ఉపాయం 1841లో కనిపెట్టింది ఎడ్మండ్ అల్బియస్. రీయూనియన్ దీవిలో బానిసగా ఉన్న ఆ అబ్బాయి వయసు అప్పటికి 12 ఏళ్లు!

చాలా ఆర్కిడ్ మొగ్గలు విచ్చేముందు 180 డిగ్రీలు మెలి తిరుగుతాయి. పురుగు వాలడానికి వీలుగా పెద్ద రేకు కిందికి రావాలి మరి!

ఇంతకీ ఇవన్నీ పరాయి దేశాల ముచ్చట్లేనా? కాదు! మన తూర్పు కనుమల్లో మామిడిచెట్ల కొమ్మలమీదే ఒక వాండా జాతి హాయిగా పెరుగుతుంది. చెట్టును పట్టుకుని ఉంటుందే తప్ప దాని రసం తాగదు. ఈసారి తోటకు వెళ్లినప్పుడు తలెత్తి వెతకండి. కనిపిస్తే ఫొటో తీసుకోండి, మొక్కను మాత్రం పీకకండి!