మొలక పెట్టెకు ఉష్ణవిద్యుత్ పలక: ఎక్కడ తగును, ఎక్కడ తగదు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో పైర్లు నేలకొరిగాయి, విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి. మరుసటి వేసవిలో శ్రీకూర్మం ప్రాంతపు రైతు ఒకరు తాము దాచుకున్న వరి విత్తనపు సంచిని తెచ్చి, "ఇవి విత్తనాలా, తిండిగింజలా బాబూ?" అని ఈ వ్యాసకర్తను అడిగారు. నారు పోయడానికి ఇంకా కొద్ది వారాల వ్యవధి మాత్రమే ఉన్నది. ఆ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం చెప్పాలంటే పద్నాలుగు రోజులపాటు నిలకడైన ఉష్ణోగ్రత కావాలి. దానిని తక్కువ ఖర్చుతో, బ్యాటరీపై కూడా సాధించే మార్గంగా ఉష్ణవిద్యుత్ విధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొలక పరీక్షకు ఉష్ణోగ్రత ఎందుకు ప్రధానం?

ధ్రువీకృత వరి విత్తనానికి కనీస మొలక శాతం 80. ప్రామాణిక పరీక్షలో నూరేసి గింజల చొప్పున నాలుగు నమూనాలు తీసుకుంటారు. వాటిని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిరంగా గానీ, రోజుకు 16 గంటలు 20 డిగ్రీలు, 8 గంటలు 30 డిగ్రీల వద్ద మార్చి మార్చి గానీ ఉంచుతారు. అనుమతించే తేడా అటూ ఇటూ 2 డిగ్రీలే. మే మాసంలో తీరప్రాంతపు గది ఈ హద్దులో నిలవదు. అట్టి గదిలో వచ్చిన ఫలితంలో విత్తనపు సత్తువ ఎంతో, గది వేడి ఎంతో విడదీయలేము. మంచి విత్తనాన్ని చెడ్డదని తేలిస్తే రైతు దానిని తిండిగింజల ధరకు అమ్ముకుంటాడు. చెడ్డదానిని మంచిదని తేలిస్తే నారుమడి పలచబడుతుంది, రెండవసారి నారు పోసేసరికి అదను దాటిపోతుంది.

పలక పనిచేసే తీరు

రెండు భిన్న వాహకాల అతుకుల మధ్య ఉష్ణోగ్రతా భేదం ఉంటే విద్యుత్ పుడుతుందన్న పరిశీలన 1821 నాటి సీబెక్‌ది. విద్యుత్తును పంపితే ఒక అతుకు చల్లబడి, రెండవది వేడెక్కుతుందని 1834లో పెల్టియర్ గమనించాడు. నేడు అంగడిలో దొరికే పెల్టియర్ పలక నాలుగు సెంటీమీటర్ల చదరం. సాధారణ రకంలో 127 జతల బిస్మత్ టెల్యురైడ్ అర్ధవాహక దిమ్మెలు రెండు పింగాణీ పలకల నడుమ అమరి ఉంటాయి. ఇందులో కంప్రెసర్ లేదు, శీతలక వాయువు లేదు. విద్యుత్ దిశను తిప్పితే చల్లబరచిన పలకే వెచ్చబరుస్తుంది. 20, 30 డిగ్రీల మధ్య మారే మొలక పరీక్షకు ఈ గుణమే కీలకం.

దీని లోపం సామర్థ్యం. పలక ఒక వైపు నుండి తోడిన వేడిని, తాను వినియోగించిన విద్యుత్తును కలిపి రెండవ వైపున వదులుతుంది. రెండు ముఖాల మధ్య భేదం 30 డిగ్రీలున్నప్పుడు ఒక వాట్ విద్యుత్తుకు తోడే వేడి సుమారు 0.5 నుండి 0.7 వాట్లు. కంప్రెసర్ యంత్రాలు రెండు మూడు వాట్లు తోడగలవు.

రెండు లెక్కలు

లోపల 35 సెంటీమీటర్ల ఘనాకారం గల పెట్టెకు అయిదు సెంటీమీటర్ల మందపు థర్మోకోల్ అమర్చామనుకుందాం. బయట 34, లోపల 20 డిగ్రీలైతే గోడల ద్వారా చొరబడే వేడి సుమారు 7 వాట్లు. మూత సందులు, లోపలి ఫ్యాను కలిపి 10 వాట్లనుకోవచ్చు. దానిని తోడివేయడానికి 15 నుండి 20 వాట్ల విద్యుత్తు చాలును. రోజుకు దాదాపు 400 వాట్-గంటలు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీని సగం వరకే వాడినా ఒక రోజు గడుస్తుంది. తుపాను తరువాత కరెంటు లేని రోజులలో సౌర ఫలకం తోడైతే పరీక్ష ఆగదు.

ఇప్పుడు ఒక టన్ను కూరగాయలను 35 నుండి 10 డిగ్రీలకు దించవలసి ఉన్నదనుకుందాం. తీయవలసిన వేడి సుమారు 27 యూనిట్లు. కంప్రెసర్‌కు దాదాపు 11 యూనిట్ల విద్యుత్తు సరిపోతే, పెల్టియర్ పలకలకు 54 యూనిట్లు కావాలి. కనుక ఈ పలకలతో గ్రామానికి శీతల గిడ్డంగి నిర్మించవచ్చునని ఎవరైనా చెబితే విస్తరణ శాస్త్రవేత్త రైతుకు ఈ లెక్క చూపాలి.

తీరప్రాంతపు చిక్కులు

ఈ వ్యాసకర్త చేసిన తొలి పెట్టె విఫలమైనది. కారణాలు మూడు. మొదటిది తేమ. 34 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతమైతే దాదాపు 29 డిగ్రీల వద్దనే నీరు గడ్డుతుంది. చల్లని పలక నుండి కారిన నీరు గింజలపై పడి బూజు పట్టింది. పలక కింద వాలుగా రేకు, నీరు బయటకు పోయే గొట్టం అమర్చాక ఆ బాధ తప్పినది. రెండవది ఉప్పుగాలి. వేడి వైపు ఫ్యాను తుప్పుపట్టి మందగించగానే వేడి బయటకు పోక, ఆ వేడే పెట్టెలోకి మళ్లింది. అందుచేత అల్యూమినియం రెక్కలను, ఫ్యానును నెలకొకసారి శుభ్రపరచాలి. మూడవది నియంత్రణ. పలకను పూర్తి విద్యుత్తుతో మాటిమాటికీ వేసి తీయడం, ఒక్కసారిగా దిశ మార్చడం వల్ల లోపలి టంకపు అతుకులు దెబ్బతిన్నాయి. గరిష్ఠ విద్యుత్ ప్రవాహంలో మూడవ వంతుకు చేరువగా, క్రమంగా హెచ్చించి తగ్గించే నియంత్రకం వాడితే మన్నిక, సామర్థ్యం రెండూ మెరుగుపడతాయి.

పెట్టె ఎంత మంచిదైనా పరీక్షకుని విచక్షణకు ప్రత్యామ్నాయం కాదు. కొత్తగా కోసిన వరిలో నిద్రావస్థ ఉండవచ్చు. దానిని ముందుగా తొలగించనిదే తక్కువ మొలక శాతం చూసి విత్తనం చచ్చినదని తీర్పు చెప్పరాదు.

శ్రీకూర్మం నేర్పే పాఠం

కూర్మనాథస్వామి ఆలయ ప్రాంగణంలో సంరక్షింపబడుతున్న నక్షత్ర తాబేళ్లను చూసిన విద్యార్థులకు మరొక ఉదాహరణ చెప్పవచ్చు. ఈ జాతిలో పిల్ల ఆడదో మగదో గుడ్డు పొదిగే ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయమవుతుంది. వేడి హెచ్చితే ఆడవి, తగ్గితే మగవి పుడతాయి. వెచ్చబరచడం మాత్రమే తెలిసిన పొదిగే పెట్టె వేసవిలో నిస్సహాయమవుతుంది. అందుకే సరీసృపాల గుడ్లను పొదగడానికి పెల్టియర్ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. అయితే ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. అటవీశాఖ అనుమతి లేనిదే వీటిపై ప్రయోగాలు తగవు.

గింజకైనా గుడ్డుకైనా సూత్రం ఒకటే. పరిమాణం చిన్నదా? చల్లదనం, వెచ్చదనం రెండూ కావాలా? డిగ్రీ, రెండు డిగ్రీల తేడా ఫలితాన్ని మారుస్తుందా? మూడింటికీ అవునని జవాబు వస్తే ఉష్ణవిద్యుత్ పలక తగినది. మొదటి ప్రశ్నకే కాదని వస్తే కంప్రెసర్ వైపు చూడాలి. నైర వ్యవసాయ కళాశాల, రాగోలు పరిశోధన స్థానం వంటి సంస్థల విద్యార్థులు ఇట్టి పెట్టెను నిర్మించి, ప్రామాణిక జర్మినేటర్‌తో ఒకే విత్తన రాశిపై పోల్చి చూడటం యోగ్యమైన ప్రాజెక్టు అవుతుంది. ఆ పోలికలో నిలిచిన పెట్టెనే గ్రామానికి తీసుకువెళ్లాలి. సంచి తెచ్చిన రైతు మన మాట మీద నారు పోస్తాడు కనుక, ఆ మాటకు ముందు కొలత ఉండాలి.