పంటిపోటు – మందుల దుకాణమిచ్చే గడువు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో పంటిపోటు కలిగినవారు మొదట వెదకునది వంటింటిలోని లవంగాలను. పిమ్మట బస్టాండు సమీపమందలి మందుల దుకాణమును. ఇందు తప్పేమియు లేదు. ఆ మందులు చేయు పనియెంతయో తెలిసియుండుట మాత్రము అవసరము.

పుచ్చు పంటిని తొలిచి లోపలి మజ్జను చేరినపుడు అచటి మెత్తని భాగము వాచును. చుట్టును గట్టి గోడలుండుటచే ఆ వాపునకు తావు లేక నరముపై ఒత్తిడి పడును. పడుకొనినపుడు తలకు రక్తపు ఒత్తిడి హెచ్చును గనుకనే రాత్రివేళ పోటు దుర్భరమగును. తలక్రింద రెండు దిండ్లుంచుకొనుట ఖర్చులేని ఉపాయము.

లవంగ నూనెలోని యూజినాల్ అను పదార్థము నరమును కొంతసేపు మొద్దుబార్చును. దూదిని ఒక్క చుక్కతో తడిపి పుచ్చులోనే ఉంచవలెను. చిగురుకు తగిలినచో మండును. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో రూపొందించిన జిందా తిలిస్మాత్‌ను ఉర్దూ, తెలుగు ఇండ్లలో కూడ పంటికి అద్దుకొందురు. అందలి నీలగిరి తైలము, కర్పూరము, పుదీనా పువ్వు చల్లదనమిచ్చి బాధను మరపించును. పసిపిల్లలకు మాత్రము దానిని వాడరాదు. కర్పూరము కడుపులోనికి పోయినచో ప్రమాదకరము.

మాత్రలలో పారాసిటమాల్ సులభమైనది. పెద్దలు దినమునకు 4 గ్రాములు మించరాదు. క్రోసిన్, డోలో అని పేర్లు వేరైనను మందు ఒక్కటే. రెండును కలిపి మ్రింగువారున్నారు! ఐబుప్రొఫెన్ మజ్జ వాపును కూడ తగ్గించును గాని భోజనానంతరమే వాడవలెను. కడుపులో పుండు, మూత్రపిండ వ్యాధి, డెంగ్యూ అనుమానము ఉన్నవారికి తగదు. ఆస్పిరిన్ బిళ్లను చిగురుకు నొక్కిపెట్టుట మన పెద్దల అలవాటు. అది రక్తములో కలిసియే పనిచేయును. చిగురుపై ఉంచిన పుండు పడును. వైద్యుని చీటీ లేకుండ అమాక్సిసిలిన్ అడుగుట మరియొక దురభ్యాసము. మజ్జ వాపు వలని పోటును అది తగ్గింపజాలదు.

అందరును పొరపడునది ఇంకొకటి గలదు. నాలుగైదు దినములు బాధించిన పోటు ఒకనాడు హఠాత్తుగా మాయమగును. మందు ఫలించెనని సంతోషింతురు. మజ్జ చచ్చిపోయినపుడును నొప్పి అట్లే ఆగును. చీము వేరు కొన వద్ద నిశ్శబ్దముగా చేరుచుండును. కావున నొప్పి తగ్గినను పంటిని చూపించుకొనవలసినదే. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి గలవు. దవడ వాచి జ్వరము వచ్చినను, నోరు తెరచుట, మ్రింగుట కష్టమైనను తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే దగ్గరి పెద్దాసుపత్రికి పోవలెను.