ఉదయం ఆరు గంటల తరగతి

మా విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా షిఫ్టు ఇన్‌ఛార్జిగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దలొకరు, టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో ఉదయం ఆరింటికి జరిగే వ్యాయామ తరగతికి నేటికీ 'ఎ' షిఫ్టుకు వచ్చినట్లే పది నిమిషాలు ముందుగా వస్తారు. విరమణ చేసిన తొలి సంవత్సరం ఇలా లేదు. దినపత్రిక, పడక కుర్చీ, టీవీ, ఇవే దినచర్య. ఒకనాడు స్నానాల గదిలో కాలు జారి పడ్డారు. ఎముకలు విరగలేదు గాని ధైర్యం సడలింది. వీధి చివరి పాల బూత్‌కు సైతం శ్రీమతి గారే వెళ్ళవలసి వచ్చేది.

యంత్రాల నడుమ జీవితం గడిపిన మనకు ఇందులో వింత లేదు. స్టాండ్‌బై పంపును అప్పుడప్పుడూ నడపకపోతే అవసరానికి తిరగదు. పంపులకు షెడ్యూలు వేసే మనం మోకాళ్ళకు మాత్రం వేయము!

65 ఏళ్ళు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు, మూడు రోజులైనా శరీర సమతౌల్యాన్ని, కండరాల బలాన్ని పెంచే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే నడక ఒక్కటే చాలదు. అందుకే ఈ తరగతిలో చేతుల ఆసరా లేకుండా కుర్చీలోనుండి లేవడం, గోడ ప్రక్కన ఒంటికాలిపై నిలబడడం, ఒక పాదం ముందు మరొకటి ఆనించి నడవడం చేయిస్తారు. చూడడానికి చిన్నపిల్లల ఆటలే. విరమణకు ఇంకా నాలుగేళ్ళున్న మేము ఒంటికాలిపై పది సెకన్లు నిలువలేకపోయాము.

పాల ప్యాకెట్లు ఇప్పుడు ఆయనే తెస్తున్నారు. శ్రీమతి గారు కూడా తరగతికి వస్తున్నారు, వెనుక వరుసలో, మా ప్రక్కనే.