పాడవని ఫోను పాతబడటమేమిటి?

"ఫోను నిక్షేపంలా ఉంది, కొత్త అప్‌డేట్ మాత్రం రాదట!" అని ఇంట్లో ఎవరో విసుక్కోవడం మీరు వినే ఉంటారు. ఎందుకు రాదు?

శాంసంగ్ కంపెనీ 2010లో గెలాక్సీ ఎస్ అనే ఫోనును విడుదల చేసింది. ఆ ఏడాది చివరనే గూగుల్ కోసం నెక్సస్ ఎస్ అనే మరో ఫోనునూ తయారుచేసింది. రెండింటిలోనూ 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరే, 512 మెగాబైట్ల ర్యామే. 2011లో ఆండ్రాయిడ్ 4.0 వచ్చింది. నెక్సస్‌కు దాన్ని అందించారు. గెలాక్సీకి ఇవ్వలేమని ఆ డిసెంబరులో శాంసంగ్ చెప్పింది.

కంపెనీ చెప్పిన కారణం, చోటు చాలదని. గెలాక్సీలో ఆండ్రాయిడ్ మీద టచ్‌విజ్ అనే శాంసంగ్ సొంత సాఫ్ట్‌వేరు పరిచి ఉంది. ఒకే కొలత గల రెండు గదుల్లో ఒకదాని నిండా ఇదివరకే సామాను ఉంటే కొత్త మంచం ఎక్కడ పడుతుంది? నెక్సస్‌లో ఆ సామాను లేదు.

మరి సామాను తీసేస్తే? సయనోజెన్‌మాడ్ అనే ఔత్సాహికుల బృందం ఆ పనే చేసింది. 2012లో టచ్‌విజ్ లేని ఆండ్రాయిడ్ 4.0ను గెలాక్సీ ఎస్‌లో నడిపి చూపించింది! కంపెనీ మీద అభిమానంతో కొన్నవారికి కోపం రాదూ మరి? అయితే అలా మార్చుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఎక్కడైనా తప్పితే ఫోను అసలు తెరుచుకోకపోవచ్చు.

అప్‌డేట్‌తో వచ్చేవి హంగులే అనుకోకండి. సాఫ్ట్‌వేరులో దొంగలు దూరే కన్నాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చేదీ అప్‌డేటే. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కు 7 ఏళ్ళపాటు అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ ప్రకటించింది. మీ ఇంటి ఫోనుకు ఆఖరి భద్రతా అప్‌డేట్ ఏ తేదీన వచ్చిందో సెట్టింగ్స్‌లో ఉంటుంది, చూడండి.