పిడికెడు బియ్యము

గుంటూరు సీమలోని లూథరను సంఘపు పల్లెలలో ఒక ఆచారము చిరకాలముగా వచ్చుచున్నది. ఇల్లాలు పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, ఆ పూటకు కావలసిన బియ్యమును చేటలో పోసికొనును. కడుగుటకు ముందు అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక ముంతలో వేయును. కూలి దొరకిననాడును, దొరకనినాడును, పొయ్యి వెలిగినచో ఆ పిడికెడు తప్పదు. ఆదివారమునాడు ఆ ముంత గుడికి పోవును. అన్ని యిండ్ల బియ్యము అక్కడ ఒక్క రాశి యగును. అందు కొంత సంఘకాపరి పోషణకును, గుడి వ్యయములకును చెల్లును. కొంత దిక్కులేని ముదుసలికిని, మంచము పట్టిన కూలివానికిని చేరును.

ఈ పిడికెడు బియ్యమును గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. "బియ్యము కొరకు మతము మార్చుకొనిరి" అను ఎత్తిపొడుపు మన దేశమున చాల పాతది. పేద క్రైస్తవుల బిడ్డలు బడి ఆవరణములలోగూడ ఆ మాట వినియున్నారు. ఆ మాట పలుకువారు బియ్యము పుచ్చుకొనిన చేతిని మాత్రమే చూచిరి. ఆ చేయియే పిడికిలి పట్టి మరియొకరికి పెట్టుచున్నదని వారెరుగరు. ఆ సంగతి తెలియవలెనన్న కొంచెము వెనుకకు, కొంచెము దూరమునకు పోవలసియుండును.

1523 వ సంవత్సరమున జర్మనీ దేశమందు, సాక్సనీలోని లైస్నిగ్ అను చిన్న పట్టణమున, సంఘస్థులందరు గూడి ఒక కట్టుబాటు చేసికొనిరి. సంఘపు రాబడి యంతయు ఒక పెట్టెలో చేరవలెను. ఆ పెట్టె గుడిలోనుండును. దానికి నాలుగు తాళములు. నాలుగు చెవులు నాలుగు వర్గములవారి చేతిలోనుండును. ఒకటి ప్రభువంశీయులకు, ఒకటి నగరసభకు, ఒకటి పట్టణవాసులకు, ఒకటి పల్లె రైతులకు. నలుగురును కలిసిననే గాని పెట్టె తెరువబడదు. పెట్టెను చూచుటకు పదిమంది ధర్మకర్తలు. వారిలో ముగ్గురు పల్లె రైతులు. అనాథలకును, ముసలివారికిని, వ్యాధిగ్రస్తులకును అందుండి సాయము చేయవలెను. పని నేర్చియు పెట్టుబడి లేని చేతిపనివారికి అప్పు ఈయవలెను. తీర్చగలిగిన తీర్చుదురు, తీర్చలేనివారికి విడిచిపెట్టవలెను. కరవు సంవత్సరములకై ధాన్యము నిలువచేయవలెను. మార్టిన్ లూథరు ఈ కట్టుబాటును మెచ్చి, దానికి పీఠిక వ్రాసి అచ్చొత్తించెను. నగరసభవారు ఆస్తులను అప్పగించుటకు సమ్మతింపనందున పెట్టె చాలకాలము చిక్కులపాలయ్యెను. అయినను అందలి భావము నిలిచినది. అంతకు పూర్వము ధనవంతుడు తన పుణ్యము కొరకు వాకిట భిక్షకునికి కాసు విసరెడివాడు. పేదవాని అవసరము సంఘమంతటి బాధ్యతయనియు, దానికి లెక్క చెప్పవలెననియు లైస్నిగ్ వారు నిశ్చయించిరి.

ఈ భావము సముద్రములు దాటి తెలుగు నేలకు వచ్చుటకు మూడు శతాబ్దములు పట్టెను. 1842 జూలై 31 వ తేదీన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అను లూథరను బోధకుడు గుంటూరు చేరెను. జర్మనీలో పుట్టి, బాల్యముననే అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా సంఘములవారిచే పంపబడినవాడు. అప్పటికి నలుబదితొమ్మిదేండ్లవాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ అతనికి ఆశ్రయమిచ్చెను. గుంటూరు సీమ అప్పటికింకను నందన కరవును మరువలేదు. 1832–33 నాటి ఆ కరవులో ఈ జిల్లాలోని అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది చనిపోయిరని అంచనా.

హయ్యరు బోధించుటకు వచ్చెను, బడులు పెట్టెను. కాని జ్వరముతో వణకువానికి బోధ చాలదని అతడు గ్రహించెను. స్వదేశమునకు మరలి, బాల్టిమోరులో వైద్యవిద్య నభ్యసించి, 1847 లో పట్టము పొందెను. అప్పటికతనికి ఏబదియేండ్లు దాటినవి. ఆ వయస్సున మరల విద్యార్థియై పాఠములు చదివి, మరుసటియేట గుంటూరు చేరి, పిదప పల్నాటికి పోయి గురజాలలో పనిచేసెను. తన వద్దనున్నది ఇచ్చుట సులభము. ఎదుటివానికి కావలసినది తన వద్ద లేనప్పుడు దానిని సంపాదించుకొని వచ్చుట దుర్లభము.

నలుబదియేండ్ల తరువాత వచ్చిన అన్నా సారా కుగ్లరు కథయు ఇట్టిదే. ఆమె 1879 లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో పట్టము పొందినది. ఆమెను పంపిన లూథరను స్త్రీల సమాజము వైద్యసేవ కింకను సిద్ధముగా లేదు. అందుచే 1883 లో ఆమెను గోషా స్త్రీలకు చదువు చెప్పు పనిపై గుంటూరు పంపిరి. వచ్చి చూడగా, పురుష వైద్యుని చేతికి నాడి చూపుటకు సమ్మతింపక, ప్రసవవేదనలో ప్రాణములు విడుచు స్త్రీలు ఇంటింట కనబడిరి. ఆమె పలకాబలపములతోపాటు మందుల పెట్టెను గూడ పట్టుకొని తిరుగసాగెను. కొన్ని యిండ్లలో ఆమె తాకుడు మైలయని యెంచిరి. అయినను పిలుపులు పెరిగినవి. 1885 లో సమాజమువారు ఆమెను వైద్యురాలిగా అంగీకరింపక తప్పలేదు. 1898 నాటికి గుంటూరులో స్త్రీలకును బిడ్డలకును ఏబది పడకల ఆసుపత్రి వెలసెను. దాని వెనుకనున్న ధనము ఏ ఒక్క కోటీశ్వరునిదియు కాదు. అమెరికాలోని ఊరూర లూథరను సంఘముల గృహిణులు కూడబెట్టి పంపిన చిన్న చిన్న చందాలే దానికి పునాది. ఆమె 1930 లో గుంటూరుననే కన్నుమూసెను.

మంత్రిప్రగడ భుజంగరావుగారి పేరు సాహిత్యాభిమానులకు తెలియనిది కాదు. జమీందారును, కవియునగు ఆయన తన కుటుంబమునకు జరిగిన వైద్యసేవకు కృతజ్ఞుడై, రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి చెంత సత్రమొకటి కట్టించెను. తమ ఆచారము విడువకుండ తమ వంట తాము చేసికొని, తమవారి ప్రక్క నుండవలెనను వారికి అది గొప్ప యూరట. ఒక మతమువారు కట్టిన ఆసుపత్రి చెంత మరియొక మతమువారి సత్రము నిలిచినది. ఎవరును తమది విడువలేదు; రోగికి మేలు జరిగినది.

ఇంత చెప్పిన పిదప ఒక ప్రశ్న దాచుట న్యాయముకాదు. ఈ మిషనరీలు బోధించుటకు వచ్చినవారే కదా, వారి దానము వెనుక మతవ్యాప్తి కాంక్ష లేదా? ఉన్నది, వారే దానిని దాచలేదు. అందలి అపాయము వారికిని తెలియును. 1876–78 నాటి కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగుహాము కాలువలో కొంత భాగమును కంట్రాక్టు తీసికొని, వేలమందికి పని యిచ్చి కూలి చెల్లించెను. కూడు కొరకు వచ్చిరన్న నింద రాకుండ, ఆ కరవుదినములలో బాప్తిస్మము లిచ్చుట మానెను. అన్నమునకు షరతు కట్టరాదను వివేకము అది. ఆ వివేకము అందరికిని, అన్నివేళల ఉండెనని చెప్పజాలము.

అయితే దానముయొక్క నిజస్వరూపము ఇచ్చినవాని ఉద్దేశముచే మాత్రమే తేలదు. పుచ్చుకొనినవాడు ఏమయ్యెనో అది గూడ చూడవలెను. 1927 లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘము ఏర్పడెను. ఊరికి వెలుపల నుంచబడి, తరతరములుగా ఇతరుల వాకిట చేయి చాచవలసివచ్చిన వారి బిడ్డలు ఆ సంఘమున పెద్దలైరి, లెక్కలు వ్రాసిరి, ఇతరుల కష్టమును విచారించు అధికారము పొందిరి. రెంటచింతలలో అంధ బాలబాలికలకు బడి, రాజమహేంద్రవరము చెంత విశ్రాంతిపురమున క్షయరోగులకు వైద్యాలయము ఈ సంఘపు సేవలలోనివే.

ఇక మరల ఆ ముంత వద్దకు వత్తము. విదేశపు గృహిణి చందాకును, పల్లె ఇల్లాలి పిడికెడు బియ్యమునకును తూకములో భేదముండవచ్చును. పల్లె ఇల్లాలు ఇచ్చునది మాత్రము తన కంచములోనిది. లైస్నిగ్ పెట్టెకు నాలుగు తాళములుండెను, ఒక చెవి రైతు చేతిలోనుండెను. ఈ ముంతకు తాళమే లేదు. పుచ్చుకొను స్థితిలోనున్న ముదుసలియు, తనకు గింజలు దొరకిననాడు తన పిడికెడు తాను వేయును. నేడు పుచ్చుకొనినది, నిన్న ఇచ్చినదియే.

బడిలో ఏ బిడ్డయైనను "మీరు బియ్యము కొరకు మారినవారు" అను మాట విని తల వంచుకొనినచో, ఉపాధ్యాయుడు ఆ బిడ్డను ప్రక్కకు పిలిచి, "మీ యింట అమ్మ వంటకు ముందు ఏమి చేయునో చెప్పుము" అని అడుగవలెను. ఆ బిడ్డ చెప్పు సమాధానమును తరగతి యంతయు వినవలెను.